కనుబొమ మీద తడితే మూతి ఎగిరింది

సిద్దికా భయమల్లా ఒక్కటే. తన ముఖంలో ఎగురుతున్నది తన కూతురు మెహర్ ముఖంలోకి దిగుతుందని. తన చెంప మొత్తం చెవి దాకా లాక్కుపోయినా ఆమె అంత బెదిరేది కాదు. మూడేళ్ల పిల్ల రేపు పెద్దదై, నలుగురిలోకి వెళ్లాలంటే ముఖానికి ఓణీ అడ్డం పట్టుకోవాల్సి వస్తుందేమో అన్న ఆలోచన మాత్రం ఆమెను అన్నం ముద్ద దగ్గర కూడా వదిలేది కాదు.

వాళ్లది చిలకలూరిపేట పక్కన పల్లె. మగడు వాసిం జిన్నింగు మిల్లులో పత్తి బేళ్లు కట్టే పని చేస్తాడు. సిద్దికా హైవే పక్కన కోల్డ్ స్టోరేజి షెడ్డులో ఎండు మిరపకాయలకు తొడిమలు తీస్తుంది. ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసి తల్లి పక్కన కల్లంలో కూర్చున్న నాటి నుంచీ అదే పని. ఆ పనిలో ఆమె చేతికి తిరుగులేదు. కాయ చిట్లదు, గింజ రాలదు, తొడిమ ముక్క మిగలదు. "సిద్దికా తీసిన బస్తాలో చెయ్యిపెట్టి చూడక్కర్లేదు" అని మేస్త్రి పున్నమ్మ షెడ్డంతా వినపడేట్టు అనేది. ఆ మాట విన్న రోజున సిద్దికా ఇంటికి నడిచే నడకే వేరుగా ఉండేది.

ఏడాదిన్నర కిందట కుడి కన్ను కింది రెప్ప అదరడం మొదలైంది. నీళ్లలో చేపపిల్ల తోక ఆడించినట్టు సన్నగా, దాని ఇష్టం వచ్చినప్పుడు. నిద్ర చాలక అనుకుంది. నాలుగు నెలలు తిరిగేసరికి అది చెంపకు పాకింది. ఆ తర్వాత కుడి పక్క మూతి అంచు కూడా పైకి లాగేయడం మొదలుపెట్టింది. అలా లాగినప్పుడల్లా కన్ను మూసుకుపోయేది, కుడి చెవిలో టిక్కు టిక్కుమని చప్పుడయ్యేది. చెవిలో చప్పుడు సంగతి ఎవరికీ చెప్పలేదు. ముఖం చాలదా, మళ్లీ చెవి కూడానా అంటారని.

ముఖం గురించి మాత్రం ఊరంతా చెప్పింది.

"ఆడదానికి కుడి కన్ను అదరకూడదే" అంది పున్నమ్మ. "ఎడమదైతే కొత్త చీరొచ్చుద్ది. కుడిదైతే ఉన్న చీర చిరుగుద్ది."

"చిరగడానికి ఉంటే గదా అక్కా" అంది సిద్దికా. షెడ్డులో ఆడవాళ్లంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వితే చెంప ఇంకా ఎగిరింది.

అత్త మాబూబీ మొదటి ఆరు నెలలూ అది జబ్బే అనుకోలేదు. తను ఏదైనా చెప్తే కోడలు మూతి విరుస్తోందని అనుకుంది. "నోటితో అను పిల్లా, ఆ మూతి తిప్పుళ్లు నాకెందుకు? నా అత్త ముందర నేనిట్టా తిప్పితే పళ్లు రాలేవి" అనేది. ఒకరోజు కాటా దగ్గర గుమాస్తా, సిద్దికా తనకే కన్ను కొట్టిందనుకుని పళ్లికిలించాడు. పున్నమ్మ చేట ఎత్తింది. గుమాస్తా బస్తాల వెనక్కి పరిగెత్తాడు. అందరూ పడీ పడీ నవ్వుకున్నారు గానీ మర్నాటి నుంచి సిద్దికా చివరి వరుసలో గోడ వైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టింది.

అయినా ఇవన్నీ ఆమె ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది మిరప కోతలు ముగిసే రోజుల్లో ఒక మధ్యాహ్నం జరిగింది. మెహర్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని పప్పన్నం పెడుతోంది. పిల్ల ముద్ద నోట్లో ఉంచుకునే ఒక కన్ను గట్టిగా మూసి, మూతి పక్కకు లాగింది. మళ్లీ లాగింది. సిద్దికా చేతిలో ముద్ద కంచంలో పడిపోయింది.

ఆ రోజు నుంచి ఆమె పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకోవడం మానేసింది. వీపు తన కడుపుకి ఆనించి, వెనక నుంచి చెయ్యి తిప్పి ముద్ద పెట్టేది. జడ కూడా వెనక నుంచే, ముద్దు కూడా మెడ మీదే. మెహర్ వెనక్కి తిరిగి చూడబోతే "ముందుకు చూడు, కాకి వచ్చింది చూడు" అనేది. కాకి లేకపోయినా అనేది. మాబూబీ దర్గాకు వెళ్లి ఇద్దరికీ తాయెత్తులు తెచ్చి కట్టింది. తాయెత్తుతో పాటు ఎగురుడూ ఉంది.

చివరికి పేటలో డాక్టరమ్మ చూసి, "ఇది కంటి జబ్బు కాదమ్మా, నరం సంగతి. గుంటూరు వెళ్లి నరానికి పరీక్ష చేయించుకో" అని కాగితం రాసిచ్చింది. గుంటూరులో తారీఖు వేసి ఇంకో కాగితం ఇచ్చారు. దాని మీద నాలుగు వరుసలు ఇంగ్లీషులో ఉన్నాయి. సిద్దికా తెలుగు గడగడా చదువుతుంది. ఇంగ్లీషులో తన పేరూ, తారీఖూ గుర్తుపట్టింది. మిగతా వరుసలు ఆసుపత్రి వాళ్ల గొడవేలే అనుకుని మడిచి పెట్టుకుంది. అడిగితే చదువు రాదని తెలిసిపోతుంది కదా.

ఆ తారీఖున తెల్లారి బస్సుకి బయల్దేరారు, సిద్దికా, మాబూబీ, మెహర్. బయల్దేరే ముందు సిద్దికా చేతులు అలవాటు ప్రకారం కొబ్బరినూనె సీసా మీదకు వెళ్లాయి. తొడిమలు తీసే ఆడవాళ్లెవరూ ముఖానికీ చేతులకూ నూనె పట్టించకుండా గడప దాటరు. నూనె ఉంటే ఘాటు చర్మానికి పట్టదు. ఇవాళ పని లేదని చేతులకు తెలియదు. పైగా మాబూబీ, "పెద్ద డాక్టరు దగ్గరికి పోతూ ఆ పొడి మొహమేంది?" అని తన చేత్తో ఇంకో పుడిసెడు పట్టించింది. బస్సులో ఎండ పడితే సిద్దికా ముఖం కొత్త ఇత్తడి చెంబులా మెరిసింది.

పరీక్ష గదిలో ఉన్నావిడ పేరు రెబెకా. నలభై ఏళ్లుంటాయి, మాట కరుకు. కుర్చీలో కూర్చోబెట్టి, తీగలు అతికించిన చిన్న బిళ్లల్ని సిద్దికా చెంప మీద అంటించబోయింది. బిళ్ల జారింది. ఇంకోటి పెట్టింది. అదీ జారింది. టేపు వేసి అదిమి మిషను వేస్తే తెర మీద గీతలు చీమల పుట్ట మీద నీళ్లు పోసినట్టు గజిబిజిగా పరిగెత్తాయి.

"ఏమ్మా, ముఖానికి ఏం రాశావు?"

"కొబ్బరినూనె మేడం."

"కాగితంలో స్పష్టంగా రాశాం కదా, ముఖానికి నూనె గానీ క్రీము గానీ రాసుకోవద్దని. చదవలేదా?"

సిద్దికాకు చెవులు వేడెక్కాయి. గుమ్మంలో నిలబడ్డ మాబూబీ అందుకుంది. "ఇంగిలీషులో రాస్తే ఎట్టా చదువుద్దమ్మా? అది చదివింది తెలుగు బడి. నూనె రాసింది నేను. అనేదేదో నన్నను."

రెబెకా ఆమె వైపు చూసి, గొంతు కాస్త తగ్గించింది. "ఇంత నూనె స్పిరిట్‌తో పోదు. తారీఖు మార్చి ఇస్తాను, మూడు వారాల తర్వాత రండి."

మూడు వారాలు. మూడు వారాలు పిల్లకు వెనక నుంచి ముద్ద పెట్టడం. సిద్దికా కుర్చీలోంచి లేచింది. "సబ్బు ఉందా మేడం? పది నిమిషాలు ఇవ్వండి. కడుక్కుని వస్తాను."

వసారా చివర కుళాయి ఉంది. ఆమె సబ్బు నురగ పెట్టి ముఖం రెండు సార్లు రుద్దింది. మూడోసారి కళ్ల మూలలు రుద్దేసరికి తెలిసింది, తప్పు ఎక్కడ చేసిందో. నిన్న పొద్దుగూకే దాకా తొడిమలు తీసిన వేళ్లు. గోళ్ల సందుల్లో ఘాటు అలాగే ఉంది. నూనె పోయిన ముఖం మీద ఇక దానికి అడ్డం లేదు. రెండు కళ్లలో నిప్పులు పోసినట్టయింది. కన్నీళ్లు ధారగా కారాయి. కుడి చెంప పిచ్చిగా ఎగరసాగింది.

వెనకే వచ్చిన రెబెకా గాభరా పడింది. "నీళ్లు కొట్టుకోమ్మా, నీళ్లు కొట్టుకో."

"నీళ్లు వద్దు మేడం" అంది సిద్దికా కళ్లు మూసుకునే. "నీళ్లకు ఘాటు ఇంకా పాకుద్ది. అత్తా, మెహర్ పాలసీసా ఇటివ్వు."

మాబూబీ సీసా తెచ్చింది. సిద్దికా పైట చెంగు పాలలో ముంచి రెప్పల మీద అద్దుకుంది, గోళ్ల సందుల్లో పోసుకుని రుద్దుకుంది. మళ్లీ అద్దుకుంది. రెండు నిమిషాలకు మంట దిగింది. అప్పుడు మంచినీళ్లతో కడుక్కుని, మాబూబీ ఇచ్చిన పొడి తుండుతో తుడుచుకుని, "ఇప్పుడు తియ్యండి" అంది.

రెబెకా పాలసీసా వైపు, ఆమె వైపు చూసింది. "ఇది నీకెవరు నేర్పారమ్మా?"

"మిరపకాయ నేర్పింది మేడం."

"ఎట్లాగో ఇరికిస్తాను, రేపటికి పెట్టుకుందామా? నీ ముఖం ఇప్పుడు బాగా ఎగురుతోంది."

"ఎగిరేదాన్ని చూడ్డానికేగా మీ మిషను? అది పడుకున్నప్పుడు చూసి ఏం చేస్తారు?"

రెబెకా మొదటిసారి నవ్వింది.

ముందు బాగున్న పక్క. ఎడమ కన్ను కింద ఒక బిళ్ల, ఎడమ మూతి అంచున ఒక బిళ్ల. తెర మీద రెండు గీతలు. రెబెకా రెండు మొనలున్న చిన్న కడ్డీని ఎడమ కనుబొమ మీద ఆనించి, "చిన్నగా కొడుతుంది, కదలకు" అంది. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టయింది. కన్ను టప్పున మూసుకుంది. తెర మీద కంటి గీత గుర్రంలా లేచి పడింది. మూతి గీత చాప మీద పడుకున్నట్టు తిన్నగా ఉంది. పది సార్లు కొట్టినా అంతే.

తర్వాత కుడి పక్క. అవే చోట్ల బిళ్లలు, అదే కడ్డీ. కుడి కనుబొమ మీద తట్టగానే కంటి గీత లేచింది. దాని వెన్నంటే మూతి గీత కూడా లేచింది. సిద్దికాకు తన మూతి అంచు ఎగరడం తెలిసింది. కొట్టింది కనుబొమ మీద.

"మళ్లీ కొట్టండి మేడం" అంది ఆమె.

"అందరూ ఇక చాలంటారు, నువ్వేంటమ్మా మళ్లీ అంటావు?"

"నిజమేనా అని."

మళ్లీ కొట్టింది. మళ్లీ ఎగిరింది. రెబెకా లేచి తలుపు తీసి, "సార్, ఒకసారి రండి" అని పిలిచింది.

డాక్టరు త్రినాథ్ సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. వెనక డాక్టరు చదువు చదివే పిల్లలు ఇద్దరు, నోటు పుస్తకాలతో. గీతలు చూశాడు, ఆమె ముఖం చూశాడు. "ఇంతకుముందు ఎప్పుడైనా మూతి వంకర పోయి తగ్గిందామ్మా?"

"లేదు సార్."

"నిద్రపోతున్నప్పుడు కూడా ఎగురుతుందా?"

సిద్దికా అత్త వైపు తిరిగింది. నిద్రలో తనకెలా తెలుస్తుంది? సమాధానం గుమ్మంలోంచి వచ్చింది.

"ఎగురుద్ది" అంది మాబూబీ. "మజ్జాన్నం పిల్ల పక్కన కునుకు తీస్తే నేను చూశా. మనిషి నిద్దట్లో ఉంది, చెంప మేలుకునే ఉంది. ఆ రోజే అర్థమైంది నాకు, ఇది నా మీద మూతి తిప్పుడు కాదని. అంతకుముందు ఆర్నెల్లు ఊరికే తిట్టా."

అత్త ఆ మాట ఒప్పుకోవడం సిద్దికా వినడం అదే మొదలు. ఆ ఊపులో, ఇన్నాళ్లూ దాచుకున్నది కూడా చెప్పేసింది. "సార్, అది ఎగిరినప్పుడల్లా కుడి చెవిలో టిక్కు టిక్కుమంటుంది. ముఖం ఎన్నిసార్లు లాగితే అన్నిసార్లు. నేను లెక్కపెట్టి చూశాను."

డాక్టరు వెనక్కి తిరిగి పిల్లలతో, "రాసుకున్నారా? మీరు అడగలేదు, ఆవిడే చెప్పింది" అన్నాడు. పిల్లలు గబగబా రాసుకున్నారు. సిద్దికా వాళ్ల కలాల వైపే చూసింది. తను చెప్పిన మాటను ఎవరైనా పుస్తకంలో రాసుకోవడం ఆమె పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

ఆ తర్వాత సూది. సన్నని సూది మూతి పక్క కండలో దింపారు. మిషనులోంచి చప్పుడు వచ్చింది, రేకుల కప్పు మీద పెద్ద చినుకులు రాలినట్టు. చెంప ఎగిరినప్పుడల్లా ఒక జల్లు. సిద్దికా కుర్చీ చేతుల్ని పట్టుకోలేదు. మాబూబీ మాత్రం గుమ్మం పట్టుకుంది.

"ఈ నెలలో ఇంత శుభ్రంగా గీతలు ఎవరికీ రాలేదు సార్" అంది రెబెకా. "కదిలితే ఒట్టు."

సూది తీశాక సిద్దికా అంది, "సార్, నేనూ చూడొచ్చా?"

డాక్టరు తెర ఆమె వైపు తిప్పాడు. వేలు పెట్టి చూపించాడు. ముఖంలో కంటికి ఒక కొమ్మ, చెంపకు ఒక కొమ్మ, మూతికి ఒక కొమ్మ, అన్నీ ఒకే నరం కొమ్మలు. బాగున్న పక్కన దేని కబురు దానికే వెళ్తుంది. ఈ పక్కన కంటికి వెళ్లాల్సిన కబురు మధ్యలో మూతి కొమ్మలోకి దూకేస్తోంది. "అంటే కంట్లోనూ కాదు, చెంపలోనూ కాదు జబ్బు. నరం తల దగ్గర, మెదడులోంచి బయటికొచ్చే చోట, రక్తనాళం ఏదో దాన్ని ఆనుకుని రాసుకుంటూ ఉండొచ్చు. అది స్కానులో చూడాలి."

సిద్దికా ఆ గీతల మీద వేలు పెట్టింది. "మా షెడ్డులో ఫ్యాను తీగ రేకు అంచుకి రాసుకుని పై తొక్క అరిగింది సార్. ఫ్యాను మీట వేస్తే పక్కనున్న లైటు మిణుకు మిణుకుమనేది. అట్టాంటిదేనా?"

డాక్టరు కళ్లజోడు తీశాడు. "నేను పదేళ్లుగా ఇది చెప్తున్నాను. ఇంత తేలిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. ఎంతవరకు చదివావమ్మా?"

"ఎనిమిది. సగం."

ఆ 'సగం' అన్న మాట అంతకుముందు ఎప్పుడు చెప్పినా తల వంచుకుని చెప్పిన సిద్దికా, ఇప్పుడు వంచలేదని మాబూబీ చూసింది.

ఇక అడగాల్సింది మిగిలింది. "సార్, మా పాపకి కూడా వచ్చింది."

"ఏదీ?"

మాబూబీ చంకలోంచి మెహర్‌ని దింపింది. డాక్టరు కింద గొంతుక్కూర్చుని, పిల్లతో పాలసీసా గురించీ చెప్పుల గురించీ మాట్లాడాడు. పిల్ల ముఖం నిమ్మళంగా ఉంది. "అమ్మ ఎట్లా చేస్తుంది? చూపించు" అన్నాడు. మెహర్ గర్వంగా ఒక కన్ను మూసి మూతి లాగింది. లాగి, మెచ్చుకుంటారేమోనని అందరి ముఖాలూ చూసింది.

"ఏ కన్ను మూసిందమ్మా?"

"నాలాగే సార్, కుడి..." సిద్దికా ఆగింది. మళ్లీ చూసింది. "కాదు. ఎడమది."

"నీకు ఎగిరేది కుడి. పిల్ల మూసేది ఎడమ. ఎందుకంటావు?"

సిద్దికాకు పప్పన్నం కంచం కళ్లముందు కనబడింది. ఎదురుగా కూర్చున్న పిల్ల. "అద్దం" అంది మెల్లగా. "నన్ను అద్దంలో చూసినట్టు చూసి చేస్తోంది."

"చెయ్యమంటే చేస్తోంది, ఆపమంటే ఆపుతోంది. నీది నువ్వు ఆపగలవా? లేదు. పాప నిద్రలో ఎప్పుడైనా లాగిందా?"

"లేదు సార్. రోజూ చూస్తున్నాను. ఒక్కసారి కూడా లేదు."

"అది జబ్బు కాదు, ఆట. ఇది అంటుకునేదీ కాదు. వంశంలో దిగడం గురించి పుస్తకాల్లో ఎక్కడో చదివానే తప్ప ఇన్నేళ్లలో నేను చూడలేదు. పాపకు ఏ పరీక్షా అక్కర్లేదు. అమ్మ ముఖం అంటే పిల్లకు ఇష్టం, అందుకే చేస్తోంది."

సిద్దికా మెహర్‌ని ఎత్తి ఎదురుగా పట్టుకుంది. నెలన్నర తర్వాత. పిల్ల రెండు చేతులతో తల్లి కుడి చెంప పట్టుకుంది. చెంప ఎగిరింది. పిల్ల కిలకిలా నవ్వి, ఎగిరేదాన్ని దొరికించుకోవాలని మళ్లీ పట్టుకుంది.

బయట బల్ల మీద, తర్వాతి వంతు కోసం ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఎడమ చెంప మీద కొంగు అదిమి పట్టుకుంది. పేరు కోటిరత్నం. సింగరాయకొండలో గుడి మెట్ల దగ్గర కొబ్బరికాయల కొట్టు. పదేళ్లుగా ఆమెకూ ఇదే.

"కరెంటు పెడతారంట గదా అమ్మాయ్?" అంది గుసగుసగా.

సిద్దికా ఛాతీ పొంగి ఉంది. డాక్టరు కళ్లజోడు తీసి చూసిన చూపు ఇంకా ఒంటి మీదే ఉంది. "పెడతారు పెద్దమ్మా. కనుబొమ మీద ఇరవై సార్లు కొట్టారు, నేనే మళ్లీ కొట్టమన్నాను. ఆ తర్వాత ఇక్కడ, మూతి పక్కన, సూది దింపారు. కండలోకి. దింపి అట్టాగే ఉంచారు. నేను కదిలితే ఒట్టు."

"లోపలికా?"

"లోపలికే. మిషను వాన కురిసినట్టు చప్పుడు చేసింది."

కోటిరత్నం కొంగు ఇంకొంచెం అదిమింది. "నాకు భయం చావడానికి కాదమ్మాయ్. నా కొడుక్కి కూతురు పుట్టి ఐదు నెలలైంది. ఇప్పటికీ ఎత్తుకోలేదు. నా మొహం దానికెక్కడ వస్తదోనని ఉయ్యాల వెనకమాల నుంచి ఊపుతున్నా."

సిద్దికా బల్ల మీద ఆమె దగ్గరికి జరిగింది. చెప్పబోయింది. సరిగ్గా అప్పుడే మందుల కిటికీ దగ్గర్నుంచి మాబూబీ కేక. "ఏమే సిద్దీ, నీ పేరు పిలుస్తున్నారు, కాగితం నీ దగ్గరే ఉంది, రా."

"పెద్దమ్మా, ఇక్కడే ఉండండి. మీకో మాట చెప్పాలి. మీతో లోపలికి నేనూ వస్తా" అని ఆమె పరిగెత్తింది.

వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. రెబెకా గుమ్మంలో నిలబడి "కోటిరత్నం" అని రెండుసార్లు పిలిచింది. ఎవరూ పలకలేదు. చెంపకు కొంగు అడ్డం పెట్టుకున్న పెద్దావిడ ఒంగోలు బస్సు వేళయిందంటూ గబగబా వెళ్లిపోయిందని గేటు దగ్గర మనిషి చెప్పాడు. సిద్దికా రోడ్డు దాకా పరిగెత్తి చూసింది. బస్సు పోయిన దుమ్ము కూడా లేదు. సూది గురించి అంత గొప్పగా చెప్పిన నోరు, చెప్పాల్సిన ఒక్క మాట ముందు చెప్పలేదు.

తిరుగు బస్సులో మాబూబీ పక్క సీటావిడతో, ముందు సీటావిడతో, టిక్కెట్లు కొట్టే కండక్టరుతో కూడా ఒకే కథ చెప్పింది. "మా కోడలు చెప్తుంటే డాక్టర్లు పుస్తకాల్లో రాసుకున్నారయ్యా. నా కళ్లతో చూశా." చిలకలూరిపేటలో దిగేసరికి రాసుకున్న పిల్లలు ఇద్దరి నుంచి ఆరుగురయ్యారు. సిద్దికా కాదనలేదు.

మర్నాడు షెడ్డులో ఆమె చివరి వరుసకు వెళ్లలేదు. ముందు వరుసలో, అందరికీ ఎదురుగా చాప వేసుకుంది. రెబెకా అచ్చు తీసి ఇచ్చిన గీతల కాగితం పున్నమ్మ ఒళ్లో పెట్టి, ఏ గీత ఏదో చూపించింది. పున్నమ్మ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"అయితే నేను చెప్పిన చీర సంగతి?" అంది చివరికి.

"చీరకీ దీనికీ సంబంధం లేదక్కా. నరం తొక్క అరిగింది, అంతే. అత్త మీద కోపం కాదు, కాటా దగ్గర కన్ను కొట్టుడు కాదు, శకునమూ కాదు."

"అత్త మీద కోపం కొంచెం ఉంటే ఉండొచ్చులే" అంది పున్నమ్మ. తర్వాత కాగితం జాగ్రత్తగా మడిచి ఇచ్చి, షెడ్డు వైపు తిరిగి గొంతెత్తింది. "ఒసే, అందరూ వినండి. ఇకమీదట దీని మొహం చూసి ఎవతన్నా ముసిముసిగా నవ్విందో, రంగు పోయిన తాలుకాయలు ఏరే పనికి పంపిస్తా."

స్కానులో డాక్టరు అనుకున్నట్టే రక్తనాళం ఒకటి నరాన్ని ఆనుకుని కనబడింది. ఇప్పుడు సిద్దికాకు కండ సడలడానికి చిన్న సూదులు వేస్తున్నారు, మూడు నాలుగు నెలలకోసారి. ఎగురుడు పూర్తిగా పోలేదు. బాగా తగ్గింది. కావాలంటే ఆపరేషను కూడా ఉందన్నారు, తొందరేమీ లేదన్నారు. మెహర్ ఆట మానేసి వేరే ఆటలోకి వెళ్లిపోయింది. తల్లీ కూతుళ్లు ఇప్పుడు ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటారు.

కోటిరత్నం కబురు మాత్రం తెలియలేదు. పేట నుంచి బేళ్లు ఎత్తుకుని ఒంగోలు మీదుగా వెళ్లే లారీ డ్రైవరుతో వాసిం చెప్పి పంపాడు. గుడి మెట్ల దగ్గర కొబ్బరికాయల కొట్టు ఆ రోజు మూసి ఉందట. ఇంకోసారి పంపితే ఆ డ్రైవరు ఆ దారినే రాలేదు. ఆసుపత్రిలో ఆమె వంతు ఇంకా అలాగే ఉందని, ఎప్పుడొచ్చినా పరీక్ష చేస్తామని రెబెకా చెప్పింది. సూది గదిలోకి ఆమెతో పాటు వెళ్లి చెయ్యి పట్టుకుని కూర్చోవడానికి సిద్దికా సిద్ధంగా ఉంది.

సింగరాయకొండ వైపు వెళ్లేవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఒక్క పది నిమిషాలు దిగి, ఆ కోటిరత్నం గారు ఎట్లా ఉన్నారో చూసి రండి. ఎడమ చెంపకు కొంగు అడ్డం పెట్టుకుని ఉంటారు, గుర్తుపట్టడం కష్టం కాదు. కరెంటు గురించీ సూది గురించీ తర్వాత చెప్పొచ్చు. మనవరాలిని ఎదురుగా ఎత్తుకోవచ్చని, ఆ మాట ముందు చెప్పండి.